పాస్‌పోర్ట్ కొత్తది, ఓసీఐ కార్డు పాతది: బెంగళూరు ప్రయాణానికి ఏది కావాలి, ఏది అక్కర్లేదు

మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉండే తెలుగు ఇళ్లకు వేసవి సెలవులు దగ్గరపడేసరికి అమెరికా నుంచి ఇలాంటి ఫోన్ ఒకటి వస్తుంది. "అమ్మా, పిల్లదాని పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించాం, నంబర్ మారిపోయింది. ఓసీఐ కార్డు మీదేమో పాత నంబరే ఉంది. టికెట్లు జూన్ పదికి బుక్ అయిపోయాయి. విమానం ఎక్కనిస్తారంటావా?" అమ్మకేం తెలుస్తుంది? పక్క ఫ్లాట్ ఆవిడను అడుగుతుంది. పాత పాస్‌పోర్ట్ కూడా తెచ్చుకోకపోతే ఎక్కనివ్వరు, మా అబ్బాయికి అలాగే అయింది అని ఆవిడ చెబుతుంది. కింది అంతస్తు అంకుల్, కార్డు మళ్లీ చేయించుకోవాల్సిందే, దానికి రెండు నెలలు పడుతుంది అంటాడు. వాకింగ్‌లో కలిసిన ఇంకొకాయన మాత్రం అవేవీ అక్కర్లేదు, మేం మొన్ననే వచ్చి వెళ్లాం అని తేల్చేస్తాడు.

ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు వయసుల వాళ్లకు వర్తించిన నిబంధనల్ని ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పారు. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు విషయంలో ఉన్న టెన్షన్‌లో సగానికి పైగా ఇక్కడే పుడుతోంది. నిబంధనలు మారిన సంగతి అందరికీ చేరలేదు, చేరినవాళ్లకు కూడా అది తమ వయసుకు వర్తిస్తుందో లేదో తెలియదు. పైగా మూడు వేర్వేరు పనుల్ని అందరూ ఒకటిగా కలిపి మాట్లాడతారు. ప్రయాణంలో చేతిలో ఏం ఉంచుకోవాలి అన్నది ఒక సంగతి, కొత్త పాస్‌పోర్ట్ వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేయడం ఇంకో సంగతి, ఉన్న కార్డు ఇచ్చేసి కొత్త కార్డు తెచ్చుకోవడం, అంటే రీ-ఇష్యూ, పూర్తిగా మరో సంగతి. ఈ మూడూ విడదీసి చూస్తే చాలామందికి చేయాల్సిన పని చాలా తక్కువని తేలుతుంది.

ముందు ఆ కార్డు అసలు ఏమిటో చూద్దాం. పేరులో పౌరసత్వం అన్న మాట ఉంది కానీ ఓసీఐ పౌరసత్వం కాదు. భారత చట్టం రెండు పౌరసత్వాల్ని ఒప్పుకోదు. 1955 నాటి పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం ఇంకో దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకున్న రోజే ఇక్కడి పౌరసత్వం పోతుంది. అలా పోయినవాళ్లకు, వాళ్ల పిల్లలకు, మనవలకు ఈ దేశంతో రాకపోకలు తెగిపోకూడదని అదే చట్టంలో సెక్షన్ 7ఎ చేర్చి ఓసీఐ నమోదు పెట్టారు. మొదటి కార్డులు 2006 జనవరిలో మన హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ఇచ్చారు. అంతకుముందు నుంచి ఉన్న పీఐఓ (భారతీయ మూలాలున్నవాళ్ల) కార్డుల్ని 2015 జనవరిలో ఇందులో కలిపేశారు. ఓటు హక్కు ఉండదు, ప్రభుత్వ ఉద్యోగం ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. కానీ జీవితాంతం ఎన్నిసార్లైనా వీసా లేకుండా రావచ్చు, ఎన్నాళ్లైనా ఉండవచ్చు.

ఆ "జీవితాంతం" అన్న మాట దగ్గరే అసలు చిక్కు. కార్డు జీవితాంతం పనిచేస్తుంది, పాస్‌పోర్ట్ పనిచేయదు. అమెరికా పాస్‌పోర్ట్ పెద్దవాళ్లకు 10 ఏళ్లు, 16 ఏళ్లలోపు పిల్లలకు 5 ఏళ్లు. బ్రిటన్‌లోనూ అంతే. రెన్యువల్ అయిన ప్రతిసారీ అమెరికా పాస్‌పోర్ట్ నంబర్ మారుతుంది. ఓసీఐ కార్డు మీద మాత్రం ఆ కార్డు ఇచ్చిన రోజున చేతిలో ఉన్న పాస్‌పోర్ట్ నంబరే అచ్చయి ఉంటుంది. పేరుకు కార్డు కానీ, చూడటానికి చిన్న పాస్‌పోర్ట్ పుస్తకంలా ఉంటుంది కాబట్టి, దాని మీద ఒక నంబర్, చేతిలో ఉన్న పాస్‌పోర్ట్ మీద ఇంకో నంబర్ కనిపించేసరికి ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ ఆ కార్డుకు దానిదైన నంబర్ వేరే ఉంటుంది. మనిషి నమోదైనది ఆ నంబర్ మీద. పాస్‌పోర్ట్ నంబర్ పాతదైనంత మాత్రాన ఆ నమోదు రద్దయిపోదు.

మరి పాత పాస్‌పోర్ట్ వెంట తెచ్చుకోవాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? మొదట్లో ఓసీఐ తీసుకున్నవాళ్లకు కార్డుతో పాటు పాస్‌పోర్ట్ లోపల యూ వీసా అని ఒక స్టిక్కర్ కూడా అంటించేవాళ్లు. అది అంటించిన పాస్‌పోర్ట్ గడువు తీరిపోయినా స్టిక్కర్ కోసం దాన్ని మోసుకు తిరగాల్సి వచ్చేది. తర్వాత స్టిక్కర్ అంటించడం ఆపేశారు కానీ, కార్డు మీద పాత నంబర్ ఉంటే ఆ పాత పాస్‌పోర్ట్ కూడా చూపించాలన్న నిబంధన కొనసాగింది. దానికి తోడు 20 ఏళ్లు నిండేదాకా కొత్త పాస్‌పోర్ట్ వచ్చిన ప్రతిసారీ, 50 దాటాక ఒకసారి, కార్డే మళ్లీ చేయించుకోవాలని ఉండేది. ఇది చాలామందికి తెలియదు. ఏళ్ల తరబడి ఎవరూ గట్టిగా అడగలేదు కూడా. ఒక్కసారిగా ఎయిర్‌పోర్టుల్లో పట్టించుకోవడం మొదలయ్యాక, సూట్‌కేసులు సర్దుకుని పిల్లలతో వచ్చినవాళ్లు చెక్-ఇన్ కౌంటర్ దగ్గర నుంచే వెనక్కి వెళ్లిపోవాల్సి వచ్చింది. పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పింది ఆ రోజుల సంగతి.

2021లో ఈ రెండూ మారాయి. మార్చి చివర్లో, ఓసీఐ కార్డుతో ప్రయాణించేవాళ్లు పాత పాస్‌పోర్ట్ వెంట తేనక్కర్లేదని కేంద్రం స్పష్టం చేసింది, చేతిలో ఉన్న కొత్త పాస్‌పోర్ట్ మాత్రం తప్పనిసరి. ఏప్రిల్ 15న హోం శాఖ ఇంకో పెద్ద నిర్ణయం ప్రకటించింది. రీ-ఇష్యూ అన్నది జీవితంలో ఒక్కసారికి కుదించేసి, మిగతా సందర్భాలన్నిటికీ ఆన్‌లైన్ అప్‌లోడ్ చాలన్నారు. మంచి మార్పు. ప్రవాసుల ఇబ్బందిని అర్థం చేసుకుని చేసిన మార్పు అనే చెప్పాలి. కానీ దాన్ని సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నం మాత్రం ఎక్కడా సరిగా జరగలేదు. ప్రకటనలో భాష అంతా ఆఫీసు భాష, అందుకే ఇన్నేళ్లైనా జనం ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడున్న నిబంధనను ఒక కుటుంబం మీద పెట్టి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. అనంతపురం నుంచి చదువుకోసం వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ కుటుంబం అనుకుందాం. అమ్మానాన్నలు ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నారు. కొడుకు అక్కడ పౌరసత్వం తీసుకుని 34వ ఏట ఓసీఐ చేయించుకున్నాడు. 44వ ఏట పాస్‌పోర్ట్ రెన్యువల్ అయింది. ఇతను చేయాల్సిందేమీ లేదు. 20 నిండాక ఓసీఐ తీసుకున్నవాళ్లకు పాస్‌పోర్ట్ మారినంత మాత్రాన రీ-ఇష్యూ అక్కర్లేదు, 20కి 50కి మధ్య వచ్చే రెన్యువళ్లకు అప్‌లోడ్ కూడా అడగలేదు. కొత్త పాస్‌పోర్ట్, పాత కార్డు పట్టుకుని రావచ్చు. వాకింగ్‌లో కలిసిన పెద్దమనిషి చెప్పింది ఈ వయసు వాళ్ల సంగతే.

ఇక 54వ ఏట ఇతని పాస్‌పోర్ట్ మళ్లీ మారుతుంది. అప్పటికి 50 నిండాయి కాబట్టి ఒకసారి, ఒక్కసారి మాత్రమే, కొత్త పాస్‌పోర్ట్ కాపీ, తాజా ఫోటో ఓసీఐ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేయాలి. పాస్‌పోర్ట్ చేతికొచ్చిన మూడు నెలల్లోపు చేయమన్నారు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 50వ పుట్టినరోజు రాగానే పరుగెత్తాల్సిన పని లేదు. ఈ నిబంధనను ముడిపెట్టింది పుట్టినరోజుకు కాదు, 50 నిండాక వచ్చే కొత్త పాస్‌పోర్ట్‌కు. 49వ ఏట రెన్యువల్ చేయించుకున్న మనిషికి మళ్లీ పాస్‌పోర్ట్ మారేది 59లో. అప్పటిదాకా ఈ పని రాదు. 50 దాటింది, కార్డు చెల్లదేమో అని భయపడి ప్రయాణం మానుకున్నవాళ్లు, ఏజెంట్లకు డబ్బులు కట్టినవాళ్లు ఉన్నారు. అనవసరంగా పోయిన డబ్బు అది.

పిల్లల దగ్గర లెక్క ఇంకాస్త జాగ్రత్తగా వేయాలి. పై కుటుంబంలోనే 2008లో పుట్టిన అమ్మాయి ఉందనుకుందాం. పుట్టగానే పాస్‌పోర్ట్, ఏడాది తిరిగేసరికి ఓసీఐ. పిల్లల పాస్‌పోర్ట్ 5 ఏళ్లే కాబట్టి 2013లో, 2018లో, 2023లో మారుతూ వచ్చింది. 2023లో ఆ పిల్లకు 15 ఏళ్లు, అంటే అప్పుడు కూడా 5 ఏళ్ల పాస్‌పోర్టే ఇస్తారు. ఆ మార్పుకు చేయాల్సింది అప్‌లోడ్. 20 ఏళ్లు నిండేదాకా కొత్త పాస్‌పోర్ట్ వచ్చిన ప్రతిసారీ, మూడు నెలల్లోపు, ఇదే పద్ధతి. 2028లో ఆ పాస్‌పోర్ట్ గడువు తీరేసరికి ఆ అమ్మాయికి సరిగ్గా 20 దగ్గరపడతాయి. 20 నిండిన తర్వాత కొత్త పాస్‌పోర్ట్ జారీ అయితే, ఈసారి అప్‌లోడ్ చాలదు, కార్డు రీ-ఇష్యూ చేయించుకోవాలి. పసిపిల్లగా ఉన్నప్పటి ఫోటోతో ఉన్న కార్డులో పెద్దయిన ముఖం ఎక్కించడానికే ఈ ఒక్క రీ-ఇష్యూ పెట్టారు, అందులో అర్థముంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని తీయించిన ఫోటో చూసి ఇరవై ఏళ్ల మనిషిని గుర్తుపట్టమంటే ఏ ఆఫీసరూ గుర్తుపట్టలేడు.

అదే అమ్మాయి 20 నిండడానికి ఒక నెల ముందే రెన్యువల్ చేయించుకుంటే? అప్పుడు 20 లోపే జారీ అయింది కాబట్టి అప్‌లోడ్ చాలు. కానీ ఆ పాస్‌పోర్ట్ 10 ఏళ్లు నడుస్తుంది, కాబట్టి రీ-ఇష్యూ 30 దగ్గర వస్తుంది. తప్పించుకోవడం కాదు, వాయిదా పడటమే. ఆ మధ్యకాలమంతా చిన్నప్పటి ఫోటో ఉన్న కార్డుతోనే తిరగాలి. నిబంధన ప్రకారం తప్పు లేదు కానీ ప్రతి కౌంటర్ దగ్గరా రెండోసారి చూపు తప్పదు. అందుకని కాలేజీ చదువులో ఉన్న పిల్లల విషయంలో 20 నిండాక వీలైనంత త్వరగా, ప్రయాణం లేని నెలల్లో, ఆ రీ-ఇష్యూ ఒకటి చేయించేసుకుంటే మంచిది.

భారతీయ మూలాలు లేని కోడలికో అల్లుడికో వివాహబంధం ద్వారా ఓసీఐ వచ్చి ఉంటే వాళ్ల సంగతి వేరు. వాళ్లకు వయసు లెక్క లేదు. పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ కొత్త పాస్‌పోర్ట్, ఫోటోతో పాటు తమ వివాహం కొనసాగుతోందని ఒక డిక్లరేషన్ కూడా అప్‌లోడ్ చేయాలి, అదీ మూడు నెలల్లోపే. ఇంట్లో అందరికీ అక్కర్లేదన్నారు కదా అని వీళ్లు కూడా వదిలేయడం జరుగుతుంటుంది. ఒకే ఇంట్లో నలుగురుంటే నలుగురికీ నాలుగు లెక్కలు ఉండొచ్చు, విడివిడిగా చూసుకోవాల్సిందే.

ఇక అప్‌లోడ్‌కీ రీ-ఇష్యూకీ తేడా. అప్‌లోడ్ ఉచితం. కొత్త కార్డు రాదు, పాత కార్డే ఉంటుంది. పెట్టిన వివరాలు రికార్డుకు జతైనట్టు ఈమెయిల్‌లో రసీదు వస్తుంది. ఆ రసీదు వచ్చేదాకా ప్రయాణం ఆపుకోవాలా అన్నది చాలామంది సందేహం. ఆపుకోనక్కర్లేదు. కొత్త పాస్‌పోర్ట్ జారీ అయిన రోజు నుంచి ఆ రసీదు వచ్చేదాకా మధ్యలో భారత్‌కు రావడానికీ పోవడానికీ ఏ ఆంక్షా లేదని 2021 ప్రకటనలోనే రాశారు. రీ-ఇష్యూకు మాత్రం ఫీజు ఉంటుంది, దరఖాస్తు పెట్టుకోవాలి, కాన్సులేట్ తరఫున పనిచేసే సర్వీస్ సెంటర్‌కు కాగితాలు పంపాలి, వారాలు పడుతుంది. చిన్నపిల్లలదైతే తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. కింది అంతస్తు అంకుల్ చెప్పిన రెండు నెలలు ఇదే. జూన్‌లో ప్రయాణం పెట్టుకుని మేలో రీ-ఇష్యూకు కార్డు పంపితే ఆ నెలంతా నిద్ర పట్టదు. అలాంటి పరిస్థితి కొని తెచ్చుకోకండి. వెబ్‌సైట్‌ను 2025 మేలో కొత్తగా మార్చారు, పాత లాగిన్ పద్ధతి గుర్తున్నవాళ్లు ప్రయాణానికి ముందురాత్రి కాకుండా కొంచెం ముందుగానే ఒకసారి లోపలికి వెళ్లి చూసుకోవడం మంచిది.

ఇంతవరకూ చెప్పింది భారత ప్రభుత్వ నిబంధన. కానీ నిజంగా కష్టం వచ్చేది బెంగళూరులో కాదు, అక్కడ, విమానం ఎక్కే ఊళ్లో. దీనికి కారణం అర్థం చేసుకోవాలి. సరైన కాగితాలు లేని ప్రయాణికుణ్ని తీసుకొస్తే విమాన సంస్థకు జరిమానా పడుతుంది. 2000లో దీనికోసమే ఒక ప్రత్యేక చట్టం చేశారు. దాన్ని, ఇంకో మూడు పాత చట్టాల్ని తీసేసి 2025లో ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం తెచ్చారు, అది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారినా విమాన సంస్థల మీద ఆ బాధ్యత అలాగే ఉంది. అందుకని కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగికి ఏ చిన్న అనుమానం వచ్చినా ఎక్కించకుండా ఆపడమే క్షేమం అనిపిస్తుంది. ఆ ఉద్యోగి అట్లాంటాలోనో డాలస్‌లోనో ఉంటాడు, రోజుకు ఇరవై దేశాలకు వెళ్లేవాళ్లను చూస్తాడు. ఓసీఐ అంటే ఏమిటో అతనికి తెలిసి ఉండాలని లేదు. ఏ దేశానికి ఏ కాగితాలు కావాలో చెప్పే టిమాటిక్ అనే డేటాబేస్ ఒకటి విమాన సంస్థలన్నీ వాడతాయి, అందులో చూసి నిర్ణయిస్తారు. కార్డు మీద ఒక నంబర్, పాస్‌పోర్ట్ మీద ఇంకో నంబర్ కనిపిస్తే ఆగి సూపర్‌వైజర్‌ను పిలుస్తారు. అది వాళ్ల పని, వాళ్ల మీద కోపం తెచ్చుకుంటే మన పని కాదు.

అక్కడ మన చేతిలో ఏముందన్నదే తేలుస్తుంది. నిబంధన ప్రకారం పాత పాస్‌పోర్ట్ అక్కర్లేదు, నిజమే. అయినా ఇంట్లో ఉంటే తీసుకురండి. రెన్యువల్ చేశాక అమెరికాలో పాత పాస్‌పోర్ట్‌కు రంధ్రాలు చేసి తిరిగి పంపుతారు, దాన్ని బీరువాలో పడేయకుండా కొత్తదానితో పాటు పెట్టుకుంటే, కార్డు మీద నంబర్ ఎక్కడిదని అడిగిన క్షణంలో తీసి చూపించొచ్చు. నాలుగు నిమిషాల వాదన నాలుగు సెకన్లలో తెగిపోతుంది. అప్‌లోడ్ చేసినవాళ్లు రసీదు ఈమెయిల్‌ను ప్రింట్ తీసి పెట్టుకోవాలి, ఫోన్‌లో ఉంటే చాలనుకోవద్దు, ఎయిర్‌పోర్ట్‌లో నెట్ రాని చోటే అది అవసరపడుతుంది. హోం శాఖ ప్రకటన కాగితం కూడా ఒకటి పెట్టుకుంటే సూపర్‌వైజర్‌కు చదివించొచ్చు. ఆన్‌లైన్ చెక్-ఇన్ కుదిరినా కాగితాలు చూసే పని కౌంటర్ దగ్గరే జరుగుతుంది కాబట్టి మూడు నాలుగు గంటల ముందు వెళ్లడం తప్పదు. ముఖ్యంగా రెండు విమానాలు మారేవాళ్లు, మొదటి ఊళ్లోనే బోర్డింగ్ పాసులన్నీ ఇప్పించుకుంటే మధ్యలో గల్ఫ్‌లోనో యూరప్‌లోనో మళ్లీ ఈ సంభాషణ మొదటి నుంచి మొదలవకుండా ఉంటుంది.

నంబర్ తేడా కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేరు తేడా. మన తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకంగా తగిలే దెబ్బ. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక అక్షరమై కూర్చుంటుంది, పాస్‌పోర్ట్‌లో విప్పి రాస్తారు. అక్కడికి వెళ్లాక సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు రాయాలో, రెండో పేరు రాయాలో తెలియక ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. పౌరసత్వం తీసుకునే రోజు పేరు మార్చుకునే అవకాశం ఇస్తారు కాబట్టి కొందరు పొడవాటి పేరు కుదించేస్తారు. పెళ్లయిన అమ్మాయిలు కొందరు రెన్యువల్ సమయంలో భర్త ఇంటిపేరుకు మారతారు. అలా మారితే పాస్‌పోర్ట్‌లో ఒక పేరు, ఓసీఐ కార్డులో ఇంకో పేరు ఉంటుంది. వయసు 35 అయినా, 45 అయినా, పేరు మారితే రీ-ఇష్యూ చేయించుకోవాల్సిందే, ఇక్కడ అప్‌లోడ్ వెసులుబాటు పనికిరాదు. ఎందుకంటే నంబర్ మారడం అందరికీ తెలిసిన సంగతి, దాన్ని ఎవరైనా అర్థం చేసుకుంటారు. పేరే వేరైతే ఈ కార్డు ఈ మనిషిదేనని చెప్పడానికి కౌంటర్‌లో ఉన్నవాళ్లకు ఆధారమే ఉండదు. రెన్యువల్ ఫారం నింపేటప్పుడే, పేరులో ఒక్క అక్షరం మార్చే ముందు కూడా, ఓసీఐ కార్డు తెరిచి పక్కన పెట్టుకోండి. అక్షరం తేడా లేకుండా అదే పేరు రాస్తే ఈ గొడవంతా ఉండదు.

మరొకటి, ఓసీఐ కార్డు ప్రయాణ పత్రం కాదు. కార్డు ఒక్కటీ చేతిలో ఉండి పాస్‌పోర్ట్ లేకపోతే కదలలేరు, పాస్‌పోర్ట్ ఉండి కార్డు ఇంట్లో మర్చిపోయినా అంతే. ఫోన్‌లో కార్డు ఫోటో ఉంది కదా అన్న ధీమా వద్దు. అసలు కార్డు అడుగుతారు.

సరే, విమానం ఎక్కారు, దేవనహళ్లిలో దిగారు. బెంగళూరులో అంతర్జాతీయ విమానాలు 2023 సెప్టెంబర్ నుంచి రెండో టెర్మినల్‌కు వచ్చేశాయి. ఓసీఐ వాళ్లకు ప్రత్యేక కౌంటర్లు మొదట పెట్టిన ఎయిర్‌పోర్టుల్లో ఢిల్లీతో పాటు బెంగళూరు కూడా ఉంది, 2017 జనవరిలో ఇక్కడే జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని ఆ మాట చెప్పారు. విమానం దిగి తెల్లవారుజామున నిద్రకళ్లతో పిల్లల్ని లాక్కుంటూ వచ్చే తల్లులకు ఆ కౌంటర్ ఎంత ఉపశమనమో చెప్పనక్కర్లేదు. ఇక్కడి ఆఫీసర్లు రోజూ ఓసీఐ కార్డులు చూస్తుంటారు, పాత నంబర్ ఉన్న కార్డులు వాళ్లకు కొత్త కాదు. ముందే అప్‌లోడ్ చేసి ఉంటే కొత్త పాస్‌పోర్ట్ వివరాలు రికార్డులో అప్పటికే ఉంటాయి. అక్కణ్నుంచి హిందూపురం, అనంతపురం వెళ్లేవాళ్లు ఊళ్లోకి రాకుండానే బళ్లారి రోడ్డెక్కి ఉత్తరానికి తిరిగిపోతారు, నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లు చెన్నైలో దిగుతారు. రెండు చోట్లా నిబంధన ఒకటే.

తరచూ వచ్చిపోయేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ పేరుతో ఆటోమేటిక్ గేట్ల పథకం 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరి 16న బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌తో కలిపి ఇంకో ఏడు ఎయిర్‌పోర్టులకు వచ్చింది. భారత పౌరులతో పాటు ఓసీఐ వాళ్లూ ఇందులో చేరొచ్చు. కానీ ఈ నమోదు జీవితాంతం కాదు, ఐదేళ్లు, లేదా పాస్‌పోర్ట్ గడువు, ఏది ముందైతే అది. ఓసీఐ కార్డు జీవితాంతం కదా అని ఇదీ అలాగే అనుకుని, కొత్త పాస్‌పోర్ట్ పట్టుకుని నేరుగా గేటు దగ్గరకు వెళ్తే తెరుచుకోదు. పాస్‌పోర్ట్ మారితే ఆ నమోదును కూడా మళ్లీ చూసుకోవాలి.

విదేశీ పాస్‌పోర్ట్‌తో బెంగళూరులోనే స్థిరపడిపోయిన తెలుగువాళ్లు కూడా ఇప్పుడు తక్కువేం లేరు. సర్జాపుర రోడ్డు, బెళ్లందూరు అపార్ట్‌మెంట్లలో అడుగడుగునా కనిపిస్తారు. అమ్మానాన్నల్ని చూసుకోవడానికనో, పిల్లలకు మన భాష, మన చుట్టాలు తెలియాలనో వచ్చేసినవాళ్లు. వీళ్ల పాస్‌పోర్ట్ రెన్యువల్ ఇక్కడే జరుగుతుంది. అమెరికా వాళ్లకు కర్ణాటక ఎన్నో ఏళ్లుగా చెన్నై అన్నా సాలైలోని కాన్సులేట్ పరిధిలో ఉంది. ఓసీఐకి సంబంధించిన పనులు మాత్రం వాళ్లు ఎఫ్ఆర్ఆర్‌ఓ (విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం) ద్వారా చేయించుకోవాలి. బెంగళూరులో అది శాంతినగర్ బస్టాండ్ భవనంలో ఉంటుంది, చెన్నైలో నుంగంబాకం హాడోస్ రోడ్డు శాస్త్రి భవన్‌లో. ఓసీఐ వాళ్లు ఎన్నాళ్లున్నా విదేశీయుల్లా అక్కడ పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. అయితే ఇక్కడే నివాసం ఉంటున్నవాళ్లు శాశ్వత చిరునామా మారినా, వృత్తి మారినా ఆ సంగతి ఎఫ్ఆర్ఆర్‌ఓకు ఈమెయిల్‌లో తెలియజేయాలని 2021 మార్చి గెజిట్ నోటిఫికేషన్‌లో ఉంది. అద్దె ఇల్లు మారి ఫర్నిచర్ సర్దుకునే హడావుడిలో ఇది గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. మెయిల్ ఒకటే కదా, ఇల్లు మారిన వారంలోనే పంపేసి దాని కాపీ దాచుకుంటే తర్వాత రీ-ఇష్యూ సమయంలో చిరునామా ప్రశ్న రాదు. బ్యాంకులో ఖాతా ఉంటే అక్కడ కూడా కొత్త పాస్‌పోర్ట్ ఇచ్చి కేవైసీ మార్పించుకోవాలి. లేకపోతే ఖాతా ఆగిపోయిన సంగతి ఆసుపత్రి బిల్లు కట్టేటప్పుడో, అద్దె పంపేటప్పుడో తెలుస్తుంది.

చివరగా టికెట్ బుకింగ్ దగ్గర ఒక చిన్న పని. ఏళ్లుగా ఒకే విమాన సంస్థలో వచ్చేవాళ్ల ప్రొఫైల్‌లో పాత పాస్‌పోర్ట్ నంబర్ దాచి ఉంటుంది, కొత్త టికెట్ కొన్నప్పుడు అదే దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పేరు సరిపోతుంది, పుట్టిన తేదీ సరిపోతుంది, కాబట్టి ఎవరూ గమనించరు. ఇక్కడ కార్డు మీద ఒక పాత నంబర్ ఉండగా, బుకింగ్‌లోనూ అదే పాత నంబర్ ఉంటే, కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికి చేతిలోని కొత్త పాస్‌పోర్టే తేడాగా కనిపిస్తుంది. అందుకని ప్రయాణానికి వారం ముందు బుకింగ్ తెరిచి, ఇంట్లో ఒక్కొక్కరి పాస్‌పోర్ట్ చేతిలో పట్టుకుని నంబర్, గడువు తేదీ చూసి, పాతవి చెరిపేసి కొత్తవి ఎక్కించండి.